ఎస్.కె. అనబడే మేము

"మీ పేరులో ఎస్ అంటే ఏమిటండీ? కె అంటే ఏమిటండీ?"

గుడ్లవల్లేరులో ఈ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. అక్కడ మేము ఫలానా సాయిబుగారి అబ్బాయిలం, ఫలానా టైలరు మనవలం. అంతకు మించి విప్పి చెప్పాల్సిన అవసరం రాలేదు. గుడివాడ దాటి బెజవాడలో రైలు దిగిన దగ్గర్నుంచీ మొదలైంది. కాలేజీలో అడిగారు, హాస్టల్లో అడిగారు, పత్రికలో చేరిన మొదటిరోజే పక్క కుర్చీ మిత్రుడు అడిగాడు. ఎస్ ఇంటిపేరనీ, కె తండ్రి పేరో తాత పేరో అయివుంటుందనీ ఆయన అంచనా. కాదండీ, రెండూ కలిపి ఒకే మాట, షేక్ అనే మాటను ఇంగ్లీషులో రాసి దాని మొదటి అక్షరమూ చివర్లో ఉన్న కె అక్షరమూ ఉంచి మిగతావి కొట్టేశారు అని చెబితే ఆయన కాసేపు ఆలోచించాడు. "మరి మధ్యలో చుక్క ఎందుకండీ?" అన్నాడు.

నిజమే, ఎందుకు? ఇన్నేళ్లుగా ఆ చుక్కతో కాపురం చేస్తున్నాం గానీ ఎవరు పెట్టారని మేమూ అడగలేదు.

ఇంటిపేరును పొడి అక్షరాల్లోకి దించడం తెలుగువాళ్లందరికీ ఉన్న అలవాటే. పి. అని రాసినా, వై. అని రాసినా దాని వెనక ఒక ఇల్లుంటుంది, ఆ ఇంటికి ఒక ఊరుంటుంది. పెళ్లి సంబంధం మాట్లాడేవాళ్లు ముందుగా ఆ పొడి అక్షరాన్నే విప్పమంటారు. విప్పితే కులమూ గోత్రమూ తాతల ఊరూ వరసగా బయటపడతాయి. మా పొడి అక్షరాలు విప్పితే షేక్ వస్తుంది. అందులోంచి ఇంకేమీ రాదు. కోస్తా జిల్లాల్లో ముస్లింల ఇంటిపేర్ల గడి నింపే మాటలు ముఖ్యంగా అయిదు: షేక్, సయ్యద్, పఠాన్, మొగల్, మహమ్మద్. అందులోనూ షేక్‌లే ఎక్కువ. మా మస్తాన్‌కూ, ఆ పక్క వీధి మస్తాన్‌కూ, దివిసీమలోని మరో మస్తాన్‌కూ చుట్టరికం లేకపోయినా అందరూ ఎస్.కె. మస్తాన్‌లే. మా ఆడవాళ్ల సంగతి మరీ విచిత్రం. తెలుగింటి ఆడపిల్లకు పెళ్లయితే పొడి అక్షరం మారుతుంది. మా అమ్మాయి ఎస్.కె. ఇంట పుట్టి, ఎస్.కె. ఇంట మెట్టి, ఎస్.కె.గానే పోతుంది. పుట్టింటి గుర్తేదో అత్తింటి గుర్తేదో ఆ అక్షరాలకు తెలియదు. ఆపైన పేరు చివర వచ్చే బీ ఒకటి. ఫాతిమాబీ, కరీమాబీ. అది బీబీలో సగం, గౌరవం కోసం పెట్టింది. గుమాస్తా దాన్ని విడదీసి 'ఫాతిమా బి.' అని రాస్తాడు. ఆ తర్వాతి గుమాస్తా ఆ బి. ఇంటిపేరు కాబోలనుకుని ముందుకు జరిపి 'బి. ఫాతిమా' చేస్తాడు. రెండు ఆఫీసులు తిరిగేసరికి ఆవిడ ఇంకో కుటుంబంలో ఉంటుంది.

ఇక అసలు విషయం. షేక్ అనే మాట ఉర్దూలో రాస్తే మూడక్షరాలు: షీన్, యే, ఖే. దాన్ని కుదించాలని ఎవరికీ తోచదు. తెలుగులో రాస్తే ఇంకా చిన్నది, షే, క్. రెండంటే రెండే అక్షరాలు. అదే ఎస్.కె. అని రాస్తే ఎ, స్, కె. మూడక్షరాలూ రెండు చుక్కలూ. లెక్కపెట్టి చూడండి. తెలుగులో మా పేరుకు చేసిన సంక్షిప్తం అసలు మాటకంటే పొడుగు. చోటు ఆదా కోసం చేసింది కాదన్నమాట. కాగితం మీద ఇంగ్లీషు రాసే గుమాస్తా ఎప్పుడో తన సౌకర్యానికి కుదించిన ముక్కను తెలుగు పంతులు, తెలుగు కరణం, తెలుగు పత్రిక అలాగే ఎత్తి తెలుగు లిపిలో పెట్టాయి. మాకు ఉర్దూ ఇంట్లో ఉంది, తెలుగు వీధిలో ఉంది. రెండిటిలో ఏదీ మా పేరుకు ఈ పని చేయలేదు. మూడో భాషలో మమ్మల్ని కత్తిరించి, రెండో భాషలో రాసి, ఇదే మీ ఇంటిపేరన్నారు.

అయితే ఆ కత్తిరించిన ముక్క మాకొక్కరికే చెందుతుందా? అదీ లేదు. అనంతపురంలో 1981 నుంచీ ఎస్.కె. యూనివర్సిటీ ఉంది. అక్కడ ఎస్.కె. అంటే శ్రీకృష్ణదేవరాయలు. మా డెల్టాలో ఏ పాన్‌షాపుకో బట్టలకొట్టుకో ఎస్.కె. అని బోర్డుంటే అది శ్రీకృష్ణుడో, సత్యకుమారుడో, షేక్ కరీమో లోపలికి వెళ్తే తప్ప తెలియదు. మహమ్మద్‌ది ఇంకో తమాషా. ఎం.డి. అంటే వైద్యంలో పెద్ద చదువు, కంపెనీలో మేనేజింగ్ డైరెక్టరు. మా పిల్లవాడెవడైనా ఆ చదువు పూర్తిచేస్తే బోర్డు మీద ముందొక ఎం.డి., వెనకొక ఎం.డి. ముందరిది తాతలిచ్చింది, వెనకది చదివి తెచ్చుకున్నది. చుక్కలు లేకుండా 'ఎండి' అని అచ్చయితే మరీ బాధ. కాలవ చివరి భూములకు నీళ్లందక 'చేలు ఎండి' అని వార్త రాస్తాం, దాని కిందనే విలేకరి పేరు 'ఎండి' తో మొదలవుతుంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. నవ్వు ఆగిపోయే చోటు మండల ఆఫీసు.

2007లో వచ్చిన చట్టం ప్రకారం ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. బి.సి.-ఇ అన్నారు. ఇదొక కొత్త పొడి అక్షరం. అంతకుముందు 2004లో, 2005లో ఇవ్వబోయిన 5 శాతం కోర్టులో నిలవలేదు. ఈ 4 శాతాన్నీ 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. ఆ జాబితాలో షేక్ ఉంది. అత్తరు సాయిబులున్నారు, ఫకీర్లున్నారు, ఖురేషీలున్నారు, తురకకాశలున్నారు. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొగల్‌లు లేరు. మహమ్మద్ అనేది వర్గం పేరే కాదు కాబట్టి అది ఎటూ లేదు. దూదేకులవాళ్లు అప్పటికే బి.సి.-బి లో ఉన్నారు.

ఇప్పుడు ఆలోచించండి. పదో తరగతి సర్టిఫికెట్టు మీద 'ఎస్. రహీం' అని ఉంది. ఆ ఎస్. షేకా, సయ్యదా? షేక్ అయితే సీటు, సయ్యద్ అయితే లేదు. ఎప్పుడో ఒక పంతులుగారు తొందరలో కె రాయడం మరిచిపోయి ఉంటారు. ఒక్క అక్షరం పోయినందుకు ఒక చదువు పోతుంది. ఎం.డి. అని ఉన్నవాడి తిప్పలు వేరు. "మీరు ఏ వర్గం?" అంటే అతను ఏం చెప్పాలి? తాత ఏం పని చేసేవాడో చెప్పాలి, ఎవరింటికి పిల్లనిచ్చాడో చెప్పాలి, సాక్షులను తేవాలి. ఇస్లాంలో కులం లేదని మసీదులో విన్నవాడు మండల ఆఫీసులో తన కులాన్ని రుజువు చేసుకోవాలి. ఇక్కడ మా పెద్దల మీద కూడా మాకు కోపం ఉంది. కసాయి, ఫకీరు, దూదేకుల అనే మాటలు నోట రానీయక అందరం షేక్ అనే దుప్పటి కప్పుకున్నాం. ఉత్తరాదిలో పాత సామెత ఒకటుంది, వలసపాలన నాటి సెన్సస్ అధికారులు కూడా ఎక్కించారు: నిరుడు సాలెవాణ్ణి, ఈ ఏడు షేక్‌ను, ధాన్యం ధర పలికితే వచ్చే ఏడు సయ్యద్‌ను. ఎగతాళికి పుట్టిన సామెతే గానీ అబద్ధం కాదు. షేక్ అంటే అరబ్బీలో పెద్దవాడు, పూజ్యుడు. గల్ఫ్‌కు వంటపనికి వెళ్లిన మా అమ్మాయి పాస్‌పోర్టు మీద షేక్ అని ఉంటుంది, ఆమె గిన్నెలు తోమే ఇంటి యజమానినీ షేక్ అనే పిలుస్తారు. ఈ రెండు షేక్‌ల మధ్య ఉన్న దూరం ఏ అరేబియా సముద్రం కంటే తక్కువ?

షేక్ నాజర్ ఈ దుప్పటిని తీసి పక్కన పెట్టినవాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, బుర్రకథను ఊరూరా మోసి, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. ముందు షేక్ ఉండనే ఉంది కదా, దాని వెనక హాయిగా దాక్కోవచ్చు. ఆయన దూదేకుల మాటనే అట్ట మీదకి తెచ్చాడు. ఆయన పేరుకు కూడా ఎస్.కె. నాజర్ అని ఎవరూ అనలేదు, జనం షేక్ నాజర్ అనే అన్నారు, నాజర్ అన్నారు. అలాగే నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా. ప్రకాశం జిల్లా కరవది నుంచి శ్రీరంగం దాకా వెళ్లి, రంగనాథుడి సన్నిధిలో ఊదిన ఆయన పేరులోంచి షేక్‌ను ఎవరూ కత్తిరించలేదు. గుడి పందిట్లో చెల్లిన పూర్తి పేరు బడి రిజిస్టరులో ఎందుకు చెల్లలేదు?

కాగితాల దగ్గరికే మళ్లీ వద్దాం. రేషన్‌కార్డులో ఎస్.కె., పొలం పాసుపుస్తకంలో షేక్, ఓటరు జాబితాలో షేఖ్, ఆధార్‌లో ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకో రకం. ఒకే మనిషి నాలుగు చోట్ల నలుగురు. అప్పుడు స్టాంపుకాగితం మీద రాయించుకోవాలి, ఎస్.కె. ఫలానా అనబడే షేక్ ఫలానా, ఇద్దరూ ఒక్కరే అని. ఒక్కణ్ణే అని ప్రమాణం చేయాల్సిన అవసరం మా ఊళ్లో ఇంకెంతమందికి వస్తుందో లెక్కపెట్టండి. 2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల జాబితా తుదిరూపం వెలువడి, 19 లక్షల పైచిలుకు మంది పేర్లు అందులో లేవని తెలిసినప్పుడు, డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు, మా ఇళ్లలో ట్రంకుపెట్టెలు తెరుచుకున్నాయి. మంచం మీద కాగితాలు పరిచి, కళ్లజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం పోల్చి చూసుకున్నాం. ఏ కాగితంలో చుక్క ఉంది, ఏ కాగితంలో లేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో ఇల్లే కొట్టుకుపోయినవాడికి ఏ కాగితం మిగిలింది? ఆ ఉప్పెన ఎస్.కె. అని చూడలేదు, పి. అని చూడలేదు. అందరినీ తీసుకుపోయింది. మిగిలినవాళ్లను పక్కింటివాడి మాట మీద వాళ్లే వీళ్లని నమ్మారు. ఆ నమ్మకం ఇవాళ ఎక్కడుంది?

ఒక్క ఊరికే ఎన్ని పేర్లున్నా ఎవరికీ అనుమానం రాదు, చూడండి. మా జిల్లా కేంద్రం మచిలీపట్నం. జనం నోట బందరు. ఇంగ్లీషువాళ్లు 1611లో దుకాణం పెట్టాక మసూలిపటం చేశారు. రైలు టికెట్టు మీద ఎం.టి.ఎం. బందరు అంటే ఫార్సీలో రేవు. ఆ ఫార్సీ మాటను బందరు లడ్డూతో సహా తెలుగువాళ్లు నోరారా తింటున్నారు. ఇవన్నీ ఒకే ఊరని అఫిడవిట్టు రాసివ్వమని ఎవరూ అడగలేదు.

తెలుగు సాహిత్యం కూడా పొడి అక్షరాలను ప్రేమిస్తుంది. ఆ ప్రేమ ఎలాంటిదో గమనించండి. కొడవటిగంటి కుటుంబరావు కొ.కు. అయ్యాడు. రాచమల్లు రామచంద్రారెడ్డి రా.రా. అయ్యాడు. సి. నారాయణరెడ్డి సినారె, కాళీపట్నం రామారావు కారా. 1943లో అభ్యుదయ రచయితల సంఘం అరసం అయింది, 1970లో విప్లవ రచయితల సంఘం విరసం అయింది. ఇవన్నీ తెలుగు అక్షరాలతో తెలుగు నోరు చేసుకున్న కుదింపులు. చనువుతో చేసినవి, పిలవడానికి చేసినవి. రా.రా. అంటే ఆ మనిషి కోపం, ఆ మనిషి వాక్యం కళ్లముందుకొస్తాయి. మా ఎస్.కె. అంటే ఎవరూ రారు. అది పిలవడానికి చేసింది కాదు, వరస పెట్టడానికి చేసింది. తెలుగు విమర్శ ఇన్ని దశాబ్దాల్లో ఒక్క ముస్లిం రచయితను కూడా ఇలా తెలుగు అక్షరాలతో ముద్దుగా కుదించి పిలుచుకున్నట్టు మాకు గుర్తులేదు. ఈ మాట నిష్ఠూరంగా ఉంటే ఉండనివ్వండి. కథల్లోనూ అంతే. తెలుగు కథలో రెడ్డిగారికి ఇంటిపేరుంటుంది, శాస్త్రిగారికి అగ్రహారం ఉంటుంది. గుర్రబ్బండి తోలే మస్తాన్‌కు, తాయెత్తు కట్టే సాయిబుకు ఇంటిపేరు పెట్టాలని ఎంతమంది రచయితలకు తోచింది? అక్కడ కనీసం ఎస్.కె. అయినా లేదు.

అందుకే తొంభైలలో వచ్చిన మార్పును మేము మొదట పుస్తకాల అట్టల మీద చూశాం. 1991లో 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు దాని మీద ఖాదర్ మొహియుద్దీన్ అని పూర్తిగా ఉంది. అఫ్సర్, యాకూబ్, ఖాజా, షాజహానా. పొడి అక్షరాలు రాల్చేసి సొంతపేరుతో నిలబడ్డారు. ముందు అక్షరం లేదు కాబట్టి దాన్ని విప్పమనడానికి లేదు. పేరునే చదవాలి. పేరు చదివితే ముస్లిం అని తెలుస్తుంది, తెలియనివ్వమన్నారు.

ఒకరు మాత్రం ఇంకో దారి పట్టారు. షేక్ యూసుఫ్ బాబా. ఎస్.కె. వై. బాబా. గుమాస్తా పెట్టిన ఆ చుక్కలు తుడిచేసి అక్షరాలు కలిపి చదవండి: స్కైబాబ. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథల సంకలనం ఆ పేరుతోనే వచ్చాయి. మమ్మల్ని వరసలో నిలబెట్టడానికి పుట్టిన ఎస్.కె.ను పట్టుకుని దానిలోంచి ఆకాశాన్ని తీశాడు. తెలుగు విమర్శకులు ఆ సంకలనాల మీద చాలా రాశారు. మతం గురించి, అస్తిత్వం గురించి, ఉర్దూ మాటలు ఎక్కువయ్యాయని కూడా. ఆ పేరులో జరిగిన పనిని పట్టించుకున్నవాళ్లు మాకు పెద్దగా తగల్లేదు. అది కలంపేరు సరదా అనుకున్నారేమో. మా దృష్టిలో అది ఒక విమర్శ వ్యాసమంత పని.

మా తప్పులు కూడా చెప్పుకోవాలి. ఎస్.కె. మాకు చెరే కాదు, అప్పుడప్పుడు చాటు కూడా. నగరంలో ఇల్లు అద్దెకు వెతికేటప్పుడు ఫోనులో "ఎస్కే బాబునండీ" అని చెప్పిన రోజులు మాకున్నాయి. అవతలి గొంతు మెత్తగా ఉండేది. చూడ్డానికి రమ్మనేవారు. వెళ్లాక భార్య పేరు అడిగేసరికి ఇల్లు నిన్ననే ఇంకెవరికో ఇచ్చేసినట్టు గుర్తొచ్చేది. అంతవరకైనా లోపలికి వెళ్లనిచ్చింది ఆ రెండక్షరాలే. వాటిని వదిలేయమని మా పిల్లలకు చెప్పాలంటే నోరు రాదు. రేపు వాళ్లూ ఇల్లు వెతకాలి కదా.

ఇంకోటి. ఎం.డి. అని ఎవరో రాశారని ఇతరులను అంటున్నాం గానీ ప్రవక్త పేరును అలా తుంచి రాసుకున్నది మేమే. ఉర్దూ చదివిన మా పెద్దలకు అది సుతరామూ నచ్చేది కాదు. ఉర్దూలో ఆ పేరు నాలుగక్షరాలే, మీమ్, హే, మీమ్, దాల్, దాన్నీ పూర్తిగా రాయలేరా అనేవారు. ఆ పేరు తర్వాత చెప్పే సలవాతును సంక్షేపించి రాయడం తగదని పదమూడో శతాబ్దపు హదీసు పండితుడు ఇబ్నుస్సలాహ్ అప్పుడే అన్నాడు. ఉర్దూలో పేరు మీద చిన్న స్వాద్ పెడతాం, తెలుగు ఇస్లామీయ పుస్తకాల్లో పక్కన 'స' అని రాస్తాం. చదివేవాడు అక్కడ ఆగి పూర్తిగా పలుకుతాడు. లారీల మీద, కొట్ల మీద కనబడే 786 కూడా బిస్మిల్లా అక్షరాల విలువలు కూడితే వచ్చే అంకె. కాగితం కింద పడితే పవిత్రవాక్యం కాలికి తగులుతుందన్న భయంతో అంకె వేశారు. అదీ సరికాదనే మౌల్వీలున్నారు. ఏమైనా ఈ కుదింపుల్లో ఒక అదబు ఉంది. రాసింది చిన్నదైనా నోరు మొత్తం పలుకుతుంది. ఎస్.కె. దగ్గర ఏ నోరూ షేక్ అని పలకదు, ఎస్కే అంటుంది. మా పిల్లలే వాళ్ల ఇంటిపేరు ఎస్కే అని చెబుతున్నారు. మొన్న ఒక చిన్నవాణ్ణి షేక్ అంటే ఏమిట్రా అంటే, అది క్లాసులో ఇంకో అబ్బాయి పేరన్నాడు.

ఈ సంకలనం చివర రచయితల పట్టిక వేస్తామనీ, ఇంటిపేరు వరసలో వేస్తామనీ సంపాదకులు చెప్పారు. అలా వేస్తే సగంమందిమి 'ఎ' దగ్గర ఎస్.కె.లుగా గుంపు కడతాం, మిగతావాళ్లలో కొందరు 'ష' దగ్గర, ఎం.డి.లు మళ్లీ 'ఎ' దగ్గరే. వెతుక్కునేవాళ్లకు ఎవరూ దొరకరు. సొంతపేరు మొదటి అక్షరంతో వరస పెట్టమని అడిగాం. ప్రెస్సువాళ్లు కుదరదన్నారట, సాఫ్ట్‌వేరు ఇంటిపేరే అడుగుతోందట. అయితే ఆ గడి ఖాళీగా వదిలేయమన్నాం. చూడాలి, పుస్తకం వచ్చాక.